పగలని గుడ్లు చెప్పిన సాక్ష్యం

2023, ఎండలు ముదురుతున్న రోజులు. శంషాబాద్ బజారులో మా నాయిన కిరాణా కొట్టు, దాని మీది గదిలో నా ఆఫీసు. అక్కడ కూర్చుని నేను ఒక చనిపోయిన మనిషి జీతాన్ని ఒక్క కలంపోటుతో నెలకు పన్నెండు వేలు పెంచాను. ఆయన బతికుండగా యజమాని ఆరేళ్లలో పెంచింది మూడు వేలే. ఇంత ధారాళమైన చెయ్యి ఉన్న వకీలు ఈ ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల ఇంకొకరుంటే చూపించండి. పద్దెనిమిది వేలను ముప్పై వేలు చేశాను, కామా కూడా సరైన చోట పెట్టాను. ఇరవై రెండేళ్ల ప్రాక్టీసులో తప్పులు చాలా చేశాను కానీ అంత నున్నగా చేసింది ఇంకొకటి లేదు.

కొట్టులో పెరిగినదాన్ని. మా ఇంట్లో పిల్లలకు ఎక్కాలకంటే ముందు బేరం వస్తుంది. రెండింతలు చెప్పు, సగానికి దిగు, దిగేటప్పుడు ఇల్లు మునిగినట్టు మొహం పెట్టు. నల్లకోటు తొడిగాక కూడా ఆ చదువు నన్ను వదల్లేదు. రోడ్డు ప్రమాదాల నష్టపరిహారం కేసుల్లో అదే నాకు అన్నం పెట్టింది. నేను పది అంటే ఇన్సూరెన్సు వాళ్లు మూడంటారు, ఆరు దగ్గర అందరం కలిసి చాయ్ తాగుతాం. ప్రభుత్వం మీద, అందులోనూ పోలీసు తుపాకీ మీద, కేసు వేయడం మాత్రం నాకు అదే మొదలు.

ఆ జనవరిలో ఎస్తేరు నా గది మెట్లెక్కి వచ్చింది. తుక్కుగూడలో ఉంటుంది, ఒక స్కూల్లో ఆయాగా పని చేస్తుంది. భర్త యోహాను గుడ్ల వ్యాన్ డ్రైవరు. ఎయిర్‌పోర్టు చుట్టూ ఉన్న హోటళ్లకు, క్యాంటీన్లకు రోజూ పొద్దున్నే గుడ్లు చేరవేసేవాడు. అంతకు తొమ్మిది నెలల ముందు, ఏప్రిల్‌లో, ఔటర్ రింగ్ రోడ్డు పక్క సర్వీసు దారిలో పోలీసుల గుండు తగిలి చనిపోయాడు. ఏ స్టేషనో ఇక్కడ రాయను. తెల్ల వ్యాన్‌లో దారిదోపిడీ ముఠా వస్తున్నదని వాళ్లకు కబురు అందిందట. యోహానుదీ తెల్ల వ్యానే.

పోలీసులు రాసుకున్న కథ ఇది: ఆపమని చెయ్యి ఊపితే వ్యాన్ ఆగలేదు, పైకి దూసుకొచ్చింది. ఎస్సై పక్కకు దూకి ప్రాణరక్షణ కోసం కాల్చాడు. వ్యాన్ అదుపు తప్పి రోడ్డు పక్కనున్న మట్టికుప్పను గుద్దుకుని ఆగింది. ఎఫ్‌ఐఆర్‌లో యోహాను ముఠా మనిషి, హత్యాయత్నం చేసిన నిందితుడు. తర్వాత, నిందితుడు మరణించాడు కనుక చర్య విరమించాం అని రాసి కేసు మూసేశారు. అంటే విచారణ లేదు. విచారణ లేదు కనుక నిర్దోషి అనిపించుకునే దారి కూడా లేదు.

“పైసల కోసం రాలేదక్కా,” అంది ఎస్తేరు కూర్చోకుండానే.

ఈ మాట చెప్పే గిరాకీలను మా కొట్టులో చాలామందిని చూశాను. “కూర్చో అమ్మా, మరి దేని కోసం?” అన్నాను.

“మా ప్రసన్నకు ఎయిర్‌పోర్టుల నౌకరి వచ్చింది. కౌంటర్ల కూసునే పని. ఇగ లోపటికి పోనిచ్చే పాసు కావాల్నంట. పోలీసోళ్లు వెరిఫికేషన్‌ల ఏమని రాసిన్రో తెల్సా? తండ్రి దోపిడీ ముఠా అని రాసిన్రు. కంపెనీ సారు మంచోడు, డిసెంబర్ దాంక సీటు ఆపుతనన్నడు.” అప్పుడు కూర్చుంది. “సచ్చినోళ్ల మీద కేసు నడ్వదంటరు. మరి దొంగ అన్న రాత మాత్రం నడుస్తదా అక్కా?”

ఎయిర్‌పోర్టు పక్కన పుట్టి పెరిగిన మాకు ఆ పాసు విలువ వేరే చెప్పనక్కర్లేదు. ఇక్కడ సగం ఇళ్ల బియ్యం ఆ మెడలో వేలాడే కార్డు మీదే వస్తుంది. వెరిఫికేషన్ అంటే ఆ మనిషి మీద, ఆ ఇంటి మీద మచ్చ లేదని స్టేషన్ నుంచి రావలసిన నివేదిక. తండ్రి పేరు కడిగితే తప్ప కూతురికి కార్డు రాదు. ఎస్తేరు అడిగింది అదొక్కటే.

నేను మాత్రం అలవాటైన దారిలోనే పోయాను. ఫిబ్రవరిలో ఒక రెవెన్యూ అధికారి కబురు పెట్టాడు, ఎక్స్‌గ్రేషియా మూడు లక్షలు ఇస్తారని. ఎక్స్‌గ్రేషియా అంటే బాధ్యత ఒప్పుకోకుండా దయతో ఇచ్చే సాయం. నాకు ప్రాణం లేచొచ్చింది. పూట తిరిగేలోగా మూడును ఎనిమిది చేశాను. అధికారి చెమట తుడుచుకుంటుంటే ఎస్తేరు వైపు గర్వంగా చూశాను. ఆమె సంతకం పెట్టవలసిన కాగితాన్ని వేలితో పట్టుకుని ఒక్కో మాటా చదువుతోంది.

“‘పోలీసులపై దాడి సందర్భంగా మరణించిన యోహాను కుటుంబానికి, మానవతా దృష్టితో.’ గిదేంది సార్?”

“అది ఫార్మాట్ అమ్మా. అందరికీ అదే ఉంటది.”

“దాడి చేసిండని మీరు రాస్తరు, కింద నేను సంతకం పెడత. ఇగ నా బిడ్డకు కార్డు ఎవడిస్తడు?” కాగితం మడతలు సరిచేసి బల్లమీద పెట్టింది. “మీ దయ మీ దగ్గరే ఉంచున్రి.”

బయటికొచ్చాక నేను కస్సుమన్నాను. “ఎనిమిది లక్షలు ఎస్తేరూ! ఎంత కష్టపడి ఎక్కించినా!”

“నువ్వు మంచిగనే ఎక్కించినవక్కా. సరుకే మనది కాదు.”

రిట్ పిటిషన్ రాయడం మొదలుపెట్టాను. రిట్ అంటే, ప్రభుత్వం మన ప్రాథమిక హక్కును తొక్కినప్పుడు కింది కోర్టుల మెట్లన్నీ ఎక్కకుండా నేరుగా హైకోర్టును అడిగే దారి. పెద్ద సౌకర్యం, కానీ ఒక పేచీ ఉంది. అందులో సాక్షులను పిలిచి ప్రశ్నించడం సాధారణంగా ఉండదు. వాస్తవాల మీద తగాదా ఉంటే, సివిల్ కోర్టుకు పొండి అని పంపేస్తారు. అక్కడికి పోతే ప్రసన్న పాసు ఆమె మనవలకు అందుతుంది. కాబట్టి ప్రభుత్వం కాదనలేని కాగితం కావాలి, అదీ పోలీసులే రాసిన కాగితం.

అది దొరికింది మా కొట్టులో. అంటే, కాగితం మేజిస్ట్రేటు కోర్టు నుంచి నకలుగా వచ్చింది, అర్థమైంది మాత్రం కొట్టులో. పంచనామా, అంటే ఘటనాస్థలంలో ఏమేం ఉన్నాయో సాక్షుల ముందు రాసే జాబితా. దాని వెంటే ఇంకో రసీదు ఉంది. గుడ్లు పాడవుతాయని అదే రోజు మధ్యాహ్నం యజమాని ఖాజా భాయ్‌కి సరుకు అప్పగించి సంతకం తీసుకున్నారు: ‘గుడ్లు నూట నలభై ట్రేలు. పగిలినవి పదకొండు గుడ్లు. మిగతావి క్షేమంగా ముట్టినవి. ఏ నష్టమూ కోరను.’ గుడ్ల ఖరీదు ఎక్కడ తమ మీద పడుతుందోనని ఆ స్టేషన్ రాతగాడు అంత జాగ్రత్త పడ్డాడు.

అది గల్లా పక్కన కూర్చుని గట్టిగా చదువుతున్నాను. నాయిన పప్పు తూస్తూ తక్కెడ ఆపాడు.

“ఎన్ని పగిలినయన్నవ్?”

“పదకొండు.”

“ట్రేలా?”

“గుడ్లు నాయినా.”

“నూట నలభై ట్రేలల్ల పదకొండు గుడ్లా? అంటే నాలుగు వేల రెండొందల గుడ్లల్ల పదకొండా? ఆ డ్రైవర్ బంగారం.” మళ్లీ తక్కెడ ఎత్తి, అలాగే పట్టుకుని ఆగాడు. “మట్టికుప్పకు గుద్దిందన్నవు గద బిడ్డా. గుద్దితే ముంగటి వరుస మొత్తం సొన గావాలె. జర గట్టిగ బిరేకు కొడ్తెనే మనకు నాలుగు ట్రేలు పోతయి. గా బండి గుద్దలే. ఉరకలే గూడ. ఆగి ఉన్నది.”

ముప్పై ఏళ్లుగా గుడ్ల వ్యాన్ వచ్చినప్పుడు మా నాయిన డ్రైవరు మొహం చూడడు, అడుగు ట్రే చూస్తాడు. బండి ఎలా నడిచిందో ఆ ట్రే చెబుతుంది. నేను అదే కొట్టులో పెరిగి, లా చదివి, ఆ కాగితాన్ని పది సార్లు చదివి, పదకొండు అన్న అంకెను దాటుకుంటూ పోయాను.

ఖాజా భాయ్ దగ్గరికి వెళితే ముందు కళ్లెత్తి చూడలేదు. “గుడ్లు తెచ్చుకున్ననమ్మా ఆ రోజు. నా మనిషి దవాఖానల శవాల గదిల ఉన్నడు, నేను ట్రేలు లెక్కవెట్టుకున్న. సాయంత్రానికి అమ్మేసిన గూడ. ఎండాకాలం బేటీ, గుడ్డు ఆగది.”

“భాయ్, మీరు లెక్కపెట్టకుంటే మాకు కేసే లేదు,” అన్నాను. నిజంగానే అన్నాను. ఆయన ట్రేలు ఎట్లా పేరుస్తారో, తాడు ఎట్లా కడతారో అఫిడవిట్, అంటే ప్రమాణ పత్రం, రాసిచ్చాడు. అక్కడితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? “జీతం కూడా ముప్పై వేలని ఒక చీటీ రాయండి భాయ్,” అన్నాను.

“తోబా! ముప్పై ఇస్తే యోహాను నా పక్కనే ఇంకో దుకాన్ పెట్టేటోడు గద. పద్దెనిమిది, బ్యాంకుల ఏసిన.”

చీటీ రాయలేదు. చీటీ లేకుండానే పిటిషన్‌లో ముప్పై రాశాను. యాభై లక్షలు అడగాలంటే జీతం అంత ఉండాలి. వాళ్లు కోస్తారు, సగానికి వస్తుంది. ఇంగ్లీషు అఫిడవిట్ ఎస్తేరుకు ఇచ్చి సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాను. నన్ను నమ్మి పెట్టింది.

ఆగస్టులో వాదన. ప్రభుత్వం తరఫు వకీలు, మేము జీపీ అంటాం, పెద్దాయన, మర్యాదస్తుడు. మొదట పాత వాదన తీశాడు: సావరిన్ ఇమ్యూనిటీ. సర్కారు తన సర్కారు పని చేస్తుండగా జరిగిన నష్టానికి పూచీ పడదని. ప్రాణం తీసిన చోట ఆ వాదన చెల్లదని పై కోర్టు ఎప్పుడో తేల్చింది కనుక జడ్జిగారు దాని మీద ఎక్కువసేపు ఆగలేదు. తర్వాత నేను గుడ్లు బయటికి తీశాను.

“గుడ్లతో ఎస్సైని కొడతారా మేడమ్?” అన్నాడు జీపీ. హాలంతా నవ్వింది.

“అవి విసిరినా పగలవండీ, మీ రసీదు ప్రకారం చూస్తే,” అన్నాను. ఈసారి జడ్జిగారు నవ్వారు. తర్వాత నవ్వు ఆపి రసీదు తెప్పించుకుని చదివారు. వేగంగా దూసుకొచ్చి, అదుపు తప్పి, మట్టికుప్పను గుద్దిన బండిలో ఏడు వరుసల ఎత్తున పేర్చిన ట్రేలు, పగిలినవి పదకొండు. ఈ అంకె మాది కాదు, పోలీసులదే. అందులో తగాదా లేదు.

“మీకు ఈ సంగతి ఎలా తెలుసు?”

“మా నాన్నగారిది కిరాణా కొట్టు, మై లార్డ్.”

జడ్జిగారు ఏదో రాసుకున్నారు. గెలిచాననుకున్నాను. గెలిచాను కూడా, భోజన విరామం దాకా.

విరామం తర్వాత జీపీ ఒకే ఒక్క కాగితంతో లేచాడు. బ్యాంకు స్టేట్‌మెంట్. “పిటిషనర్ ప్రమాణం చేసి చెప్పిన జీతం ముప్పై వేలు, పడింది పద్దెనిమిది వేలు. ఇక్కడే అబద్ధముంటే మిగతాది ఎలా నమ్ముతాం? వాస్తవాల మీద తగాదా ఉంది మై లార్డ్, సివిల్ కోర్టుకు పంపండి.”

జడ్జిగారు నా వైపు తిరిగారు. అప్పుడు మాట్లాడింది నేను కాదు, నాలో ఉన్న కొట్టు. “పోనీ ఇరవై ఐదు అనుకున్నా మై లార్డ్...”

“ఇక్కడ బేరం జరుగుతోందా?”

అంత చిన్న గొంతుతో అంత పెద్ద దెబ్బ నాకు ఎవరూ వేయలేదు. కేసు వాయిదా పడింది. సివిల్ కోర్టుకు ఎందుకు పంపకూడదో రాతపూర్వకంగా చెప్పమన్నారు.

వరండాలో ఎస్తేరు గోడకు ఆనుకుని నిలబడింది. నేను ఏదో చెప్పబోయాను.

“నేను నీకు పద్దెనిమిదే చెప్పిన గదక్కా?”

“చెప్పినవు.”

“ఆ కాగితం మీద సంతకం నాది గద?”

“నీదే.”

“మా ఆయన్ని దొంగ అన్నరు, కాదు అని చెప్పనీకె వచ్చిన. ఇప్పుడు నేను అబద్ధాలదాన్నైన. గీ పని చెయ్యనీకె పోలీసోళ్లు సాలరా, నువ్వు గూడ కావాల్నా?”

నువ్వు ఇంకో వకీలును చూసుకోవచ్చు అన్నాను. ఆమె నవ్విందనే అనుకుంటాను. “కొత్తోళ్లకు గుడ్ల సంగతి మొదటికెల్లి ఎవరు చెప్తరు? నువ్వే పగలగొట్టినవు, నువ్వే తుడువు.”

తుడిచాను. ఆ రాత్రి కాదు. మూడు రోజులు పట్టింది, నా పేరు మీద నా గురించి నిజం రాయడానికి. పిటిషనర్ నాకు పద్దెనిమిది వేలనే చెప్పింది, ముప్పై వేలన్న అంకె నా సొంతం, ఆమెకు ఇంగ్లీషు రాదు, నేను చదివి వినిపించలేదు అని అఫిడవిట్ వేశాను. తోటి వకీళ్లు, లైసెన్సుకే ముప్పు తెచ్చుకుంటున్నావన్నారు. నాయిన ఒక్కటే అడిగాడు: “ధర పెంచినవా, తూకం రాయి మార్చినవా?” కొట్టులో ఆ రెంటికీ తేడా ఉంది. ధర ఎంతైనా చెప్పొచ్చు, గిరాకీ కోస్తాడు. తూకం రాయి మారిస్తే మాత్రం అది బేరం కాదు. నేను రాయిని మార్చాను.

అఫిడవిట్ అందేసరికి కేసులు వినే బెంచి మారింది, తర్వాత సెలవులు, తర్వాత జాబితాలో కిందికి జారడం. కోర్టులో వారం జారితే నెలలు పోతాయి. పదకొండు నెలల తర్వాత, 2024 జులైలో, మళ్లీ వాదన మొదలైంది. ఈసారి నా నోట ఒకే అంకె ఉంది. జీపీ కూడా, నా అఫిడవిట్ చదివాక జీతం మీద తగాదా లేదని ఒప్పుకున్నాడు. పెద్దమనిషి. గుడ్ల దగ్గర మాత్రం ఆయనకు చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

ఆగస్టులో తీర్పు. బండి ఆగి ఉండగా కాల్చారని పోలీసుల సొంత కాగితాలే చెబుతున్నాయి. యోహాను ఏ ముఠాకూ చెందడు. ఎఫ్‌ఐఆర్‌లో ఆయనను నిందితుడన్న భాగం కొట్టివేస్తున్నాం. కాల్చిన వారి మీద వేరే విభాగం దర్యాప్తు చేయాలి. నష్టపరిహారం రాజ్యం చెల్లించాలి. ఇది దయ కాదు, బాధ్యత. ఆ చివరి వాక్యం ఎస్తేరుకు తెలుగులో చెప్పాను. “మళ్ల చెప్పు,” అంది. మళ్లీ చెప్పాను. “గది రాసిన్రా? అచ్చు అట్లనే?” అట్లనే రాశారు. ఆ వాక్యం పుట్టిన కేసులో వకీలు పేరు దగ్గర నా పేరుంది. అప్పటి నుంచి హైకోర్టు క్యాంటీన్‌లో నన్ను గుడ్ల మేడమ్ అంటారు. ఆమ్లెట్ తినేటప్పుడు కూడా నాకు అది బిరుదులాగే వినిపిస్తుంది.

మొన్న ఢిల్లీ పోవడానికి చెకిన్ కౌంటర్ ముందు నిలబడితే అటు వైపు ప్రసన్న. మెడలో కార్డు. నా సంచి తూచి, “ఆంటీ, రెండు కిలోలు ఎక్కువున్నది,” అంది.

“జర చూడు బిడ్డా, ఒక కిలో...”

“ఒకటే రేటు ఆంటీ.”

కట్టాను. వెనక వరుసలో వాళ్లకు నేను ఎందుకు నవ్వుకుంటున్నానో తెలియదు.

ఇక చివరి బిల్లు. అడిగింది యాభై లక్షలు. రోడ్డు ప్రమాదాల లెక్క పద్ధతిలోనే, పద్దెనిమిది వేల నిజం జీతం మీద, వచ్చింది ఇరవై ఐదు లక్షల ఇరవై వేలు. దొంగ అని ముద్ర వేసినందుకు ఇంకో ఐదు లక్షలు. మొత్తం ముప్పై లక్షల ఇరవై వేలు, పైన వడ్డీ. తీర్పు అమలు చేయలేదని కోర్టు ధిక్కార పిటిషన్ వేస్తే తప్ప డబ్బు కదల్లేదు; 2025 మార్చిలో ఎస్తేరు ఖాతాలో పడింది. తప్పుడు అంకెకు కోర్టు నాకు వేసిన జరిమానా పాతిక వేలు, నా జేబులోంచి. తీర్పులోనే ఇంకో మాట ఉంది: ఆ అంకె లేకుంటే ఈ వ్యవహారం నిరుడు ఆగస్టులోనే తేలేది. తేలలేదు కనుక కంపెనీ ఆపిన సీటు ఆ డిసెంబరుతో పోయింది. ప్రసన్నకు ఇంకో కంపెనీలో పని దొరికేసరికి పది నెలలు. నెలకు ఇరవై నాలుగు వేల చొప్పున రెండు లక్షల నలభై వేలు. అది నేను ఖర్చు చేసిన ఆమె జీతం.

ఫీజు ఇవ్వడానికి ఎస్తేరు వచ్చినప్పుడు ఈ లెక్కంతా ఒక కాగితం మీద రాసి ముందు పెట్టాను. నా ఫీజు లక్ష అనుకున్నాం, అది ఇందులో కొట్టేసుకొమ్మన్నాను. ఆమె మొదట చేసినట్టే వేలితో పట్టుకుని ఒక్కో వరుసా చదివింది. కాదు కూడదు అనలేదు. కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది, లక్ష రూపాయల కవరు బల్లమీద పెట్టింది.

“ఇది నీ ఫీజు. గది నా బిడ్డ బాకీ. రెండూ కలపకు,” అంది.

నెలకు పదివేలు ప్రసన్న ఖాతాలో వేస్తున్నాను. ఇది రాసే నాటికి తొమ్మిది నెలలు కట్టాను. మిగిలింది లక్షా యాభై వేలు, ఇందులో బేరం లేదు.